డెన్నిస్ రిచీ గురించి ఒక గంట మాట్లాడాలంటే

ప్రశ్న: అక్టోబరు 12న డెన్నిస్ రిచీ స్మృతిలో మా కాలేజీ జూనియర్లకు ఒక గంట మాట్లాడమని మా హెచ్ఓడీ చెప్పారు. వెతికితే దొరికేదంతా "ఆయన లేకపోతే మీ చేతిలో ఫోను లేదు" అన్న తరహా పోస్టర్లే. ఆయన ప్రత్యేకంగా చేసిన పని ఏమిటి? ఆయన రూపొందించిన సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో భద్రత లేదని అందరూ అంటున్న ఈ రోజుల్లో ఆయనను ఏమని గుర్తుచేసుకోవాలి?

సమాధానం:

నేను 27 ఏళ్లుగా సీ భాష మీదే బతుకుతున్నాను. మొదట్లో టెలికాం పరికరాలకు, తర్వాత చిన్న బోర్డుల మీద నడిచే వ్యవస్థలకు ప్రోగ్రాములు రాశాను. మధ్యమధ్యలో సాయంత్రం బ్యాచ్‌లకు పాఠాలు కూడా చెప్పాను. కనుక ఈ సమాధానంలో కొంత అభిమానం ఉంటుందని ముందే ఒప్పుకుంటాను. అయితే ఆ పోస్టర్ల మీది వాక్యాలు రిచీకి మేలు చేయడం లేదన్నది నా అభిప్రాయం. యాపిల్ స్థాపకుల్లో ఒకరైన స్టీవ్ జాబ్స్ 2011 అక్టోబరు 5న మరణించారు. సరిగ్గా వారం తర్వాత, అక్టోబరు 12న, రిచీ తన ఇంట్లో చనిపోయి కనిపించారు. ఒకరికి ప్రపంచమంతా పూలు చల్లిందనీ, మరొకరిని పట్టించుకోలేదనీ అప్పటినుంచి ఇద్దరినీ తూకం వేయడం ఒక అలవాటైపోయింది. మీ గంటలో పది నిమిషాలు ఆ తూకానికి పోతే, రిచీ ఏం చేశారో చెప్పడానికి మిగిలే సమయం అంతకంతకు తగ్గిపోతుంది.

మొదట రెండు పొరపాట్లను సరిచేయండి. కంప్యూటర్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్, అయిన యూనిక్స్‌ను మొదలుపెట్టింది రిచీ కాదు, ఆయన సహోద్యోగి కెన్ థాంప్సన్. కొత్త భాష నేర్చుకునేవారు మొదట రాసే "హలో, వరల్డ్" ప్రోగ్రాము కూడా రిచీది కాదు. అది బ్రయన్ కెర్నిహాన్ రాసిన పాఠాల నుంచి వచ్చింది. 1978లో వచ్చిన ప్రసిద్ధమైన సీ పుస్తకం మీద ఇద్దరి పేర్లూ ఉండటంతో చాలామంది కలిపేసుకుంటారు. ఈ రెండూ తీసేస్తే ఆయనకు మిగిలేది తగ్గుతుందేమోనని మీకు అనిపించవచ్చు. నా అనుభవంలో జరిగింది వేరు: వీటిని పక్కన పెట్టిన తర్వాతే ఆయన పనిలోని పస నాకు స్పష్టంగా కనబడింది.

జీవిత విశేషాలను ఐదు నిమిషాల్లో ముగించవచ్చు. రిచీ 1941 సెప్టెంబరు 9న న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రాంక్స్‌విల్‌లో పుట్టారు. తండ్రి అలిస్టేర్ రిచీ టెలిఫోన్ సంస్థ ఏటీఅండ్‌టీ పరిశోధనా విభాగమైన బెల్ ల్యాబ్స్‌లో శాస్త్రవేత్త, స్విచింగ్ సర్క్యూట్ల మీద పుస్తకం రాసినవారిలో ఒకరు. అంటే ఈ అబ్బాయి తండ్రి పనిచేసిన చోటుకే చేరాడన్నమాట. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చదివి 1963లో పట్టా పొందారు, తర్వాత అక్కడే అనువర్తిత గణితంలో పరిశోధన చేశారు, 1967లో బెల్ ల్యాబ్స్‌లో చేరారు. తన గురించి తాను రాసుకున్న చిన్న పరిచయంలో, భౌతికశాస్త్రానికి కావలసినంత తెలివి తనకు లేదని డిగ్రీలో తెలిసిందనీ, అల్గారిథమ్‌ల సిద్ధాంతానికి కావలసినంత తెలివీ లేదని పరిశోధనలో తెలిసిందనీ ఆయన చెప్పుకున్నారు. ఆ రెండో మాటను యథాతథంగా నమ్మనక్కరలేదు, ఎందుకంటే ఆయన సిద్ధాంత గ్రంథం 1968 నాటికే పూర్తయింది. కానీ డాక్టరేటు మాత్రం రాలేదు. బైండు చేయించిన ప్రతిని గ్రంథాలయానికి ఇవ్వాలన్నది విశ్వవిద్యాలయం నియమం. ఆ బైండింగ్ ఖర్చు తానెందుకు పెట్టుకోవాలని రిచీ ఊరుకున్నారని, ఆ రోజుల్లో ఆయనతో కలిసి పరిశోధన చేసిన ఆల్బర్ట్ మేయర్ చెప్పారు. ఆ ప్రతి చాలాకాలం ఎవరికీ కనబడలేదు. రిచీ పోయిన తర్వాత కుటుంబసభ్యుల ద్వారా కంప్యూటర్ హిస్టరీ మ్యూజియానికి చేరి 2020లో బయటికి వచ్చింది. జూనియర్లకు ఈ కథ బాగా నచ్చుతుంది కానీ దీన్ని మరీ సాగదీయవద్దు. పట్టా లేకపోయినా ఫరవాలేదన్న సందేశంగా తీసుకుంటే ఇళ్లలో మిమ్మల్నే తిట్టుకుంటారు.

ఇక పనిలోకి వద్దాం. ఎంఐటీ, జనరల్ ఎలక్ట్రిక్, బెల్ ల్యాబ్స్ కలిసి మల్టిక్స్ అనే పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిర్మిస్తుండగా, ఆ ప్రయత్నం చాలా ఆలస్యమవుతోందని 1969లో బెల్ ల్యాబ్స్ బయటికి వచ్చేసింది. ఆ వాతావరణానికి అలవాటుపడిన థాంప్సన్, రిచీ, మరికొందరికి పని చేసుకోవడానికి సౌకర్యమైన యంత్రమే లేకుండా పోయింది. ఒక మూలన పెద్దగా ఎవరూ వాడకుండా ఉన్న పీడీపీ-7 అనే కంప్యూటర్ మీద థాంప్సన్ ఆ వేసవిలో యూనిక్స్ తొలి రూపాన్ని రాశారు. ఆ యంత్రం మెమరీలో 18 బిట్ల వర్డులు, అంటే గడులు, 8,192 మాత్రమే ఉండేవి. ఇవాళ ఒక చిన్న బొమ్మ ఫైలు కూడా పట్టని ఆ చోటులో మనుషులు ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కట్టుకున్నారంటే, సీ భాషకు ఆ పొదుపు ఎక్కడ నుంచి వచ్చిందో అర్థమవుతుంది. దాని మీద వాడటానికి థాంప్సన్ బి అనే చిన్న భాషను తయారుచేశారు. మార్టిన్ రిచర్డ్స్ అంతకుముందు రూపొందించిన భాష బీసీపీఎల్‌ను 8కె మెమరీలో పట్టేంతగా కుదిస్తే వచ్చేది బి అని అనుకోండి.

బి భాషలో రకాలు, అంటే టైపులు, లేవు. అంతా వర్డులే: ఒక గడిలో ఉన్నది అంకె అయినా కావచ్చు, మరో గడి చిరునామా అయినా కావచ్చు, ఎలా వాడుకుంటే అది. మెమరీ మొత్తాన్నీ వరసగా అంకెలు వేసిన గడులుగా చూసే యంత్రం మీద ఇది చక్కగా సరిపోయింది. 1970లో పీడీపీ-11 రాగానే చిక్కు మొదలైంది. (యంత్రం వచ్చింది కానీ డిస్కు రాలేదు. అది వచ్చేదాకా దాదాపు మూడు నెలలపాటు ఆ యంత్రం ఒక మూలన కూర్చుని, 6×8 చదరంగపు బల్ల మీద గుర్రం బయలుదేరిన గడికే తిరిగి వచ్చే ప్రయాణాలన్నిటినీ లెక్కపెట్టిందని రిచీయే రాశారు.) ఈ కొత్త యంత్రంలో చిరునామా వర్డుకు కాక బైటుకు ఉంటుంది, వర్డుకు 16 బిట్లే. ఒక అక్షరానికి ఒక బైటు, ఒక పూర్ణాంకానికి రెండు, దశాంశ సంఖ్యకు అంతకంటే ఎక్కువ. "అంతా ఒకే సైజు గడులే" అన్న బి భాష పునాది ఇక్కడ పనికిరాదు. ఏ గడిలో ఏ రకం వస్తువు ఉందో, ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌కు తెలిసితీరాలి.

రిచీ పని ఇక్కడ మొదలవుతుంది. 1971లో ఆయన బి భాషకు అక్షర రకాన్ని చేర్చి, కంపైలర్‌ను యంత్రభాషను నేరుగా ఉత్పత్తి చేసేలా తిరిగి రాసి, ఆ మధ్యస్థ రూపాన్ని కొంతకాలం "న్యూ బి" అని పిలిచారు. అప్పుడు ఎదురైన ఒక సమస్య, దానికి ఆయన చెప్పిన పరిష్కారం మీ గంటలో కనీసం ఇరవై నిమిషాలకు తగినవి. బోర్డు మీద బొమ్మ గీసి చెప్పండి.

బి భాషలో పది గడుల అర్రే, అంటే వరసగా పది గడులు, కావాలంటే కంపైలర్ పది గడులు కేటాయించి, వాటికి అదనంగా మరొక గడిని తీసుకుని, అందులో మొదటి గడి చిరునామాను రాసిపెట్టేది. అర్రే పేరు ఆ అదనపు గడికి పేరు. ఇంతవరకు ఇబ్బంది లేదు. ఇప్పుడు యూనిక్స్ డైరెక్టరీలోని ఒక నమోదును చూడండి: రెండు బైట్లలో ఫైలు సంఖ్య, దాని పక్కనే 14 బైట్లలో ఫైలు పేరు, మొత్తం 16 బైట్లు. డిస్కు మీద ఇది ఇలాగే ఉంటుంది. దీన్ని భాషలో, వేర్వేరు రకాల వస్తువుల కట్ట అయిన ఒక స్ట్రక్చర్‌గా వర్ణించి, డిస్కు నుంచి చదివిన 16 బైట్లను నేరుగా దానిలో పరచాలని రిచీ కోరిక. కానీ 14 అక్షరాల అర్రేకు పాత పద్ధతిలో ఒక చిరునామా గడి కావాలి కదా, ఆ గడిని ఎక్కడ దాచాలి? డిస్కు మీది బైట్ల మధ్య దానికి చోటు లేదు. పోనీ ఎక్కడో దాచినా, స్ట్రక్చర్‌ను కేటాయించినప్పుడల్లా ఆ చిరునామాను నింపేదెవరు? స్ట్రక్చర్‌లో అర్రే, దానిలో మరో స్ట్రక్చర్ ఉంటే పరిస్థితి ఏమిటి?

చిరునామా గడిని ఎక్కడా దాచకుండా పూర్తిగా తీసేయడమే రిచీ కనుగొన్న దారి. అర్రే అంటే వరసగా ఉన్న వస్తువులు, అంతే. దాని పేరును ఒక వ్యక్తీకరణలో వాడినప్పుడు మాత్రమే, ఆ క్షణానికి, మొదటి వస్తువు చిరునామా పుడుతుంది. మెమరీలో దానికి చోటు అక్కర్లేదు. సీ నేర్చుకునే ప్రతి విద్యార్థీ "అర్రే పేరే పాయింటరు (చిరునామా)" అని బట్టీ పట్టి, తర్వాత ఎక్కడో అది నిజం కాదని తెలిసి తికమకపడే ఆ నియమం వెనక ఉన్న అసలు కారణం ఇదే. బీసీపీఎల్ నుంచి బి మీదుగా సీకి వచ్చిన దారిలో కీలకమైన గెంతు ఇదేనని ఆయన 1993లో రాసిన చరిత్ర వ్యాసంలో చెప్పారు. ఈ ఒక్క నిర్ణయంతో భాషకు రెండు లాభాలు కలిగాయి: బి భాషలో రాసిన పాత ప్రోగ్రాములు చాలావరకు అలాగే నడిచాయి, యంత్రంలో బైట్లు ఎలా ఉన్నాయో అలాగే వర్ణించగల శక్తి కొత్తగా వచ్చింది. నా వరకు ఇంజినీరింగ్ అంటే ఇదే తరహా పని. కొత్త వస్తువును తెచ్చి పెట్టడం కంటే, అడ్డుగా ఉన్న వస్తువు అవసరం లేదని కనిపెట్టడానికి ఎక్కువ తెలివి కావాలి.

స్ట్రక్చర్లు లేకముందు, 1972లో, యూనిక్స్ కేంద్రభాగమైన కెర్నెల్‌ను సీలో రాయడానికి థాంప్సన్ ఒకసారి ప్రయత్నించి వదిలేశారు. 1973 నాటికి స్ట్రక్చర్లు వచ్చాయి. ఆ వేసవిలో కెర్నెల్ మొత్తాన్నీ సీలో తిరగరాశారు. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు, భాషకూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ ఉన్న సంబంధం విద్యార్థులకు తెలిసిపోతుంది. యంత్రానికి దగ్గరైన అసెంబ్లీ భాషలో ఉన్నప్పటికంటే కొత్త వ్యవస్థ సుమారు మూడో వంతు పెద్దదైందని, కానీ చదివి మార్చుకోవడానికి ఎంతో సులువు కనుక, కొత్త సౌకర్యాలూ చేరాయి కనుక ఆ పెరుగుదల తమకు సమ్మతమేనని 1974 జులైలో ప్రచురించిన యూనిక్స్ వ్యాసంలో రిచీ, థాంప్సన్ ఇద్దరూ రాశారు. మెమరీని కిలోబైట్లలో లెక్కపెట్టుకునే రోజుల్లో మూడో వంతు ఎక్కువ ఇవ్వడానికి ఒప్పుకోవడమంటే మాటలు కాదు. అదే వ్యాసంలో మరో రెండు సంగతులున్నాయి: 40,000 డాలర్ల యంత్రం మీద కూడా ఈ వ్యవస్థ నడుస్తుందని, ప్రధానమైన సాఫ్ట్‌వేర్‌కు ఇద్దరు మనుషుల ఏడాది శ్రమ కంటే తక్కువే పట్టిందని.

ఇక్కడ ఆయన తప్పు కూడా ఒకటి చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఆయనే ఒప్పుకున్నారు. బి భాషలో & గుర్తు రెండు పనులు చేసేది: బిట్లను కలపడం, "ఇదీ అదీ నిజమైతే" అనడం. ఈ రెండింటినీ విడదీయాలని అలన్ స్నైడర్ సూచించగా రిచీ && గుర్తును చేర్చారు. అయితే అప్పటికే రాసి ఉన్న ప్రోగ్రాములు చెడిపోకూడదని పాత & గుర్తును ప్రాధాన్య క్రమంలో == గుర్తు కంటే కిందనే ఉంచేశారు. దాంతో "ఫ్లాగులు & మాస్కు == 0" అని రాస్తే, మనం అనుకున్న అర్థానికి భిన్నంగా మాస్కును సున్నాతో పోల్చడం ముందు జరుగుతుంది. ఆ స్థానాలను అప్పుడే మార్చి ఉంటే బాగుండేదని ఆయన తర్వాత రాశారు. హైదరాబాదులో నేను మొదట చేరిన ఒక కంపెనీలో ఇదే తప్పు చేసి, ఒక సీరియల్ పోర్టు ఎందుకు స్పందించడం లేదో తెలియక మూడు రాత్రులు జాగారం చేశాను. 1972లో న్యూజెర్సీలో కొద్దిపాటి పాత కోడ్‌ను కాపాడటానికి తీసుకున్న నిర్ణయానికి నా నిద్రను వడ్డీగా కట్టానని తెలిసిన రోజున నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. అప్పటికి ఆ వ్యవస్థను వాడే యంత్రాలు ఎన్ని అనుకున్నారు? 1972 జూన్ నాటి యూనిక్స్ మాన్యువల్ ముందుమాటలో స్థాపనల సంఖ్య 10కి పెరిగిందని, ఇంకా పెరగవచ్చని రాసి ఉంటుంది.

1977లో రిచీ, స్టీవ్ జాన్సన్, థాంప్సన్ కలిసి యూనిక్స్‌ను పీడీపీ-11కు ఏ పోలికా లేని ఇంటర్‌డేటా 8/32 అనే యంత్రం మీదికి తరలించే పని చేశారు. ఆ రోజుల్లో ఆపరేటింగ్ సిస్టమ్ అంటే యంత్రంతో పుట్టి యంత్రంతో పోయేది. కొత్త యంత్రం కొంటే సాఫ్ట్‌వేర్ మొదటి నుంచి రాసుకోవలసిందే. ఆ ముడిని విప్పడం రిచీ పనిలో అన్నిటికంటే దూరం ప్రయాణించిన ఫలితమని నేను అనుకుంటాను. ఇవాళ, యూనిక్స్ తరహాలో వచ్చిన ఒకే లైనక్స్ కెర్నెల్ మీ ఫోనులోనూ, సూపర్ కంప్యూటర్‌లోనూ, మీ ఇంటి వైఫై రౌటర్‌లోనూ నడుస్తోందంటే దానికి మూలం ఇక్కడుంది. లైనక్స్‌లో రిచీ రాసిన కోడ్ లేదు, 1991లో అది విడిగా పుట్టింది. కానీ యంత్రానికి ముడిపడిన కోడ్‌ను కొద్దిపాటి మూలకు నెట్టి మిగిలినదంతా ఒక భాషలో రాయవచ్చన్న నమ్మకం మాత్రం అప్పటికే నిలబడి ఉంది.

ఇది విశ్వవిద్యాలయాలకు పాకడానికి న్యాయస్థానం సంగతి ఒకటి తోడ్పడింది. 1956లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం బెల్ ల్యాబ్స్ మాతృసంస్థ ఏటీఅండ్‌టీ టెలిఫోన్ వ్యాపారం దాటి కంప్యూటర్లలోకి దిగడానికి వీలులేదు. కనుక యూనిక్స్‌ను సోర్సుతో (ప్రోగ్రాము రాసిన అసలు పాఠంతో) సహా విద్యాసంస్థలకు నామమాత్రపు రుసుముకు ఇచ్చేది. ఆస్ట్రేలియాలో జాన్ లయన్స్ అనే అధ్యాపకుడు ఆ సోర్సుకు వరుస వరుసనా వ్యాఖ్యానం రాసి పాఠం చెప్పారు. ఆ సోర్సులో "ఇది మీకు అర్థం కానక్కరలేదు" అన్న వ్యాఖ్య ఉన్న చోటు ప్రసిద్ధమైంది. చాలామంది దాన్ని పొగరుగా చదువుకున్నారు. "ఇది పరీక్షలో రాదు" అన్న ధోరణిలో రాసిన మాట అదని, నిజానికి అక్కడ ఏం జరుగుతోందో తమకే సరిగా అర్థం కాలేదని, ఆ కోడ్ తప్పని రిచీ తర్వాత వివరించారు.

ఆయన స్వభావం నాకు బాగా తెలిసింది ఇలాంటి రాతల వల్లనే. ఇద్దరి పేర్లతో వచ్చిన ఆ సీ పుస్తకంలోని పాఠాల భాగం ఎక్కువగా కెర్నిహాన్‌ది, వెనకనున్న సీ భాషా నిర్దేశిక రిచీది. 1978 నాటి మొదటి ముద్రణ మొత్తం 228 పేజీలే. ఆ నిర్దేశికలో ఒక్క వాక్యం తీసేస్తే ఏదో ఒక నియమం ఊడిపోతుంది, ఒక్క వాక్యం చేర్చడానికి చోటుండదు. మా రోజుల్లో ప్రెంటిస్ హాల్ వారి తక్కువ ధర భారతీయ ముద్రణ దొరికేది. హాస్టల్‌లో ఒక ప్రతి నలుగురి చేతులు మారి, అట్ట ఊడిపోయి, చివరికి వెనక భాగం మాత్రం నా దగ్గర మిగిలింది. నేను ఆ భాషను నేర్చుకున్నది నిజానికి ఆ వెనక భాగం నుంచే.

అంత మెత్తగా కనబడే మనిషి అవసరమైనప్పుడు ఎంత కటువుగా ఉండగలరో కూడా చెప్పండి. 1988లో సీకి ప్రమాణం రాస్తున్న అమెరికన్ కమిటీ, కంపైలర్లు ఇంకా వేగమైన కోడ్ ఇవ్వడానికి వీలుగా "నోఎలియాస్" అనే కొత్త మాటను భాషలో చేర్చబోయింది. రిచీ ఒక వ్యాసం రాసి, అది పోయి తీరాలని, ఇందులో బేరం లేదని చెప్పారు. అది పోయింది. అదే మనిషి 1994లో యూనిక్స్‌ను తిట్టిపోయడానికే వేసిన ఒక పుస్తకానికి, అడగగానే "వ్యతిరేక ముందుమాట" రాసిచ్చారు. అందులో వాళ్ల విమర్శల్లో సారమున్నవి ఉన్నాయని ఒప్పుకుంటూనే, వాళ్ల అక్కసును కూడా ఎత్తిచూపారు. తన సొంత భాష గురించి 1993 వ్యాసంలో ఆయన ఇచ్చిన తీర్పు అందరికీ తెలిసిందే: వింత పోకడలున్నది, లోపాలున్నది, గొప్ప విజయం సాధించినది.

మీ రెండో ప్రశ్నకు ఇక్కడినుంచి దారి ఉంది. సీలో అర్రేకు పొడవు తెలియదు. హద్దు దాటి రాస్తే ఆపేవారు లేరు. 1988 నవంబరులో ఇంటర్నెట్‌ను స్తంభింపజేసిన మోరిస్ వర్మ్ (తనంతట తానే వ్యాపించే ప్రోగ్రాము) చొరబడిన దారుల్లో ఒకటి, ఎన్ని అక్షరాలు వస్తున్నాయో చూడకుండా వరుసను చదివేసే "గెట్స్" అనే లైబ్రరీ ఫంక్షను. దాన్ని భాషా ప్రమాణం నుంచి పూర్తిగా తొలగించింది 2011 డిసెంబరులో వచ్చిన సీ11లో, అంటే రిచీ పోయిన రెండు నెలలకు. ఈ లోపాలను దాచి ఆయనను పొగడవద్దు. అర్రే పేరు నుంచి చిరునామా గడిని తీసేసిన ఆ అందమైన పరిష్కారమే, పొడవు గుర్తుంచుకునే చోటును కూడా లేకుండా చేసింది. రెండూ ఒకే నిర్ణయానికి రెండు ముఖాలు. కొన్ని కిలోబైట్ల మెమరీలో, ఒకరినొకరు ఎరిగిన పదిమంది వాడే యంత్రంలో అది సరైన బేరం. ముక్కూమొహం తెలియనివారి నుంచి నిమిషానికి లక్ష సందేశాలు వచ్చే యంత్రంలో కాదు. 2022 డిసెంబరులో వచ్చిన లైనక్స్ 6.1తో కెర్నెల్‌లోకి, ఇలాంటి మెమరీ తప్పులను అడ్డుకునే రస్ట్ భాషకు తలుపు తెరిచారు; కొత్తగా డ్రైవర్లు రాసేవారు దాన్ని నేర్చుకోవడం మంచిదని నేనే నా విద్యార్థులకు చెబుతున్నాను. అయితే రస్ట్‌లో రాసిన ఫంక్షనును పైథాన్ నుంచి పిలవాలన్నా, మరే భాష నుంచి పిలవాలన్నా, మధ్యలో ఇద్దరూ మాట్లాడుకునేది సీ పద్ధతిలోనే. ఆ అర్థంలో సీ ఇవాళ భాషగా కంటే భాషల మధ్య దుబాసీగా ఎక్కువ బతుకుతోంది.

భద్రత విషయంలో ఆయన ఖాతాలో ఒక జమ కూడా ఉంది. మీ పాస్‌వర్డ్‌ను మీరు మార్చుకోవాలంటే, మీకు రాసే హక్కు లేని ఫైలులో రాయాలి. ఎలా? ప్రోగ్రామును నడిపేది మీరే అయినా, అది నడిచినంతసేపు దాని యజమాని హక్కులతో నడిచేలా ఒక్క బిట్‌తో ఏర్పాటు చేశారు రిచీ. సెట్-యూఐడీ అనే ఈ ఆలోచనకు 1979 జనవరిలో ఆయన పేరు మీద పేటెంటు వచ్చింది. తర్వాత దాన్ని ప్రజల వాడకానికి వదిలేశారు. దీని వల్ల కూడా చాలా దాడులు జరిగాయి, కానీ ఇవాళ్టికీ లైనక్స్ యంత్రాల్లో ఆ బిట్ అక్కడే ఉంది.

పురస్కారాల జాబితాకు ఒక స్లయిడు చాలు: 1983లో థాంప్సన్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు, 1998 సంవత్సరానికి అమెరికా జాతీయ సాంకేతిక పతకం, 2011లో జపాన్ ప్రైజ్. భూకంపం, సునామీ కారణంగా ఆ చివరిది జపాన్‌లో కాక, మే నెలలో న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లోనే అందజేశారు. 2007లోనే ఆయన పదవీ విరమణ చేశారు. చనిపోయే నాటికి వయసు 70, ఒంటరిగా ఉండేవారు. ఆయన మరణవార్తను లోకానికి ముందుగా తెలిపింది పాత సహోద్యోగి రాబ్ పైక్. నెల తర్వాత వచ్చిన ఫెడోరా 16 అనే లైనక్స్ విడుదలను రిచీ స్మృతికి అంకితం చేశారు.

స్లయిడ్లకంటే ప్రదర్శన మేలు. మీ ల్యాబ్‌లో ఇంకా టర్బో సీ నీలి తెర ఉంటే దాన్ని మూసేసి లైనక్స్ తెరవండి. స్క్రీను తుడిచే ఫంక్షనూ, మీట నొక్కేదాకా ఆగే ఫంక్షనూ సీలో భాగమని మన పిల్లల్లో చాలామంది అనుకుంటారు. అవి ఆ కంపైలర్ కంపెనీవి, రిచీకి వాటితో సంబంధం లేదు. తర్వాత చిన్న ప్రోగ్రాము ఒకటి రాయించండి: "తెలుగు" అన్న మాటను స్ట్రింగ్‌లో పెట్టి దాని పొడవు అడగండి. చూసేవారికి మూడు అక్షరాలు. అన్ని లిపులకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిసి ఆరు సంకేతాలు. యంత్రం చెప్పే జవాబు 18, ఎందుకంటే ఆ సంకేతాలను బైట్లుగా రాసే పద్ధతి అయిన యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. ఆ యూటీఎఫ్-8ను 1992లో రూపొందించింది అదే బెల్ ల్యాబ్స్‌లోని థాంప్సన్, రాబ్ పైక్. సున్నా బైటుతో ముగిసే సీ స్ట్రింగులు చెడిపోకుండా, ఏ అక్షరం మధ్యలోనూ సున్నా బైటు రాకుండా దాన్ని కట్టారు. అందుకే తెలుగు గురించి ఏమీ తెలియకుండా రాసిన పాత ప్రోగ్రాము కూడా ఆ 18 బైట్లను చెక్కుచెదరకుండా మోసుకుపోతుంది. పిల్లల చేత ఆ బైట్లను ఒక్కొక్కటిగా అచ్చు వేయించండి. పందొమ్మిదోదాన్ని కూడా అచ్చు వేయమనండి, అక్కడ సున్నా కనబడుతుంది. ఇరవయ్యోదాన్ని అడిగితే సీ ఆపదు. అక్కడ ఏముంటుందో ముందుగా ఊహించమని అడగండి.